కేస్ షీట్లో ‘సెనైల్’ అనే మాట గురించి డాక్టర్లకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ డాక్టర్లకు, మెడికల్ కాలేజీల్లో పాఠాలు చెప్పే ప్రొఫెసర్లకు,

నమస్కారం.

మీరు రోజూ రాసే ఒక మాట గురించి ఈ ఉత్తరం. ఆ మాట ‘సెనైల్’. డెబ్బై దాటిన మనిషి ఓపీకి వస్తే చీటీ మీద ఎక్కడో ఒకచోట ఇది తరచుగా కనబడుతుంది. సెనైల్ కేటరాక్ట్, సెనైల్ చేంజెస్, సెనైల్ డిమెన్షియా (అంటే మతి క్రమంగా క్షీణించడం), ఒక్కోసారి పక్కన ఇంకేమీ లేకుండా ఉత్త సెనైల్. దాన్ని కేస్ షీట్ల నుంచి, డిశ్చార్జి సమ్మరీల నుంచి, మరణ కారణం రాసే ఫారాల నుంచి తీసేయమని, ఆ చోట జబ్బు పేరు రాయమని, జబ్బేమిటో ఇంకా తేలకపోతే తేలలేదనే రాయమని అడుగుతున్నాను.

నేను డాక్టర్ని కాను. డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. ఇందులో వైద్యం గురించి రాసినదంతా మీ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే, మీకు తెలిసిందే. మాట గురించి రాసినది మాత్రం మీలో కొందరికి కొత్త కావచ్చు. అది తెలిస్తే ఈ మాట రాసే ముందు చెయ్యి ఒక్క క్షణం ఆగుతుందని నా నమ్మకం.

లాటిన్లో ‘సెనెక్స్’ అంటే వయసు మళ్ళిన మనిషి. దాని విశేషణం ‘సెనిలిస్’, అంటే ముసలివారికి సంబంధించినది. అందులో తిట్టూ లేదు, జబ్బూ లేదు. అదే సెనెక్స్ నుంచి రోమ్‌లో ‘సెనేట్’ పుట్టింది. మన పేపర్లు రాజ్యసభనూ శాసనమండలినీ పెద్దల సభ అని రాస్తాయి కదా, సెనేట్‌కు అక్షరాలా అదే అర్థం. ‘సెనెక్స్’ కంటే ఇంకాస్త పెద్దవాడు ‘సీనియర్’. మీ గది తలుపు మీద సీనియర్ కన్సల్టెంట్ అని బోర్డు ఉంటుంది, వార్డులో మీ వెనక నడిచేవాళ్ళలో సీనియర్ రెసిడెంట్లు ఉంటారు. ఈ సీనియరే ఫ్రెంచి వాళ్ళ నోట్లో అరిగి ‘సైర్’గా మారింది, ఇంగ్లీషులో ‘సర్’ అయింది, మన ఊళ్ళకొచ్చి ‘సారు’ అయింది. పల్లెటూరి నుంచి బస్సెక్కి వచ్చిన పెద్దాయన మీ ముందు చేతులు కట్టుకుని ‘సారూ’ అంటాడు. మీరు ఆయన చీటీ మీద ‘సెనైల్’ అని రాస్తారు. రెండూ ఒక్క వేరు నుంచి మొలిచిన మాటలే. గౌరవం మీ వైపుకి వచ్చింది, మిగిలింది ఆయన వైపుకి వెళ్ళింది.

ఆ వేరు లాటిన్ దగ్గర ఆగదు. సంస్కృతంలో ‘సన’ అంటే పాతదని. సనాతనం అనే మాట అక్కడిదే. సనకసనందనాదుల్లో మొదటివాడైన సనకుడి పేరుకు పూర్వుడు, ప్రాచీనుడు అని అర్థం. సెనెక్స్‌కు ఈ ‘సనక’ చాలా దగ్గరి చుట్టమని భాషాశాస్త్రం చెబుతుంది. భాగవతం వినని ఇల్లు మన దగ్గర తక్కువ కాబట్టి ఆ కథ చెప్పక్కర్లేదు. సృష్టి మొదట్లో పుట్టి, ఎప్పటికీ ఐదేళ్ళ పిల్లల్లాగే ఉండిపోయిన వాళ్ళు ఆ నలుగురూ. వాళ్ళను గుమ్మం దగ్గర అడ్డగించినందుకు జయవిజయులు శాపం పాలయ్యారు. ఎంత వయసున్నా మతి చెదరని వాళ్ళ పేరులో ఉన్న వేరు, ఇవాళ మతి చెదిరిందని చెప్పడానికి వాడుకలో ఉంది.

ఇంగ్లీషులోకి ‘సెనైల్’ 1660ల్లో వచ్చింది. అప్పటి అర్థం ‘వృద్ధాప్యానికి చెందిన’ అనే. సుమారు రెండు వందల ఏళ్ళ తర్వాత, 19వ శతాబ్దం మధ్యకు వచ్చేసరికి, ‘ముసలితనం వల్ల ఒంట్లో సత్తువ, బుద్ధి సన్నగిల్లిన’ అనే అర్థం దానికి అంటుకుంది. వైద్య పుస్తకాలు దాన్ని అందుకున్నాయి, అక్కడి నుంచి వీధిలోకొచ్చి తిట్టయింది. ఇలాంటి పతనం మన భాషలోనూ ఉంది. ఛాందసుడు అంటే మొదట వేదం చదువుకున్నవాడు. ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళు ఒక మాట రెండుసార్లు చెబితే ‘చాదస్తం’ అంటాం. కానీ మన చాదస్తాన్ని ఏ డాక్టరూ కేస్ షీట్లో రాయడు. ఇంగ్లీషు మాట కావడం వల్ల సెనైల్‌కు శాస్త్రం హోదా దొరికింది. అసలు చిక్కు అక్కడుంది.

ముసలితనమూ మతి చెడడమూ ఒకటే అనే నమ్మకాన్ని కాదన్నవాళ్ళు ఈ మాట పుట్టిన చోటే ఉన్నారు. క్రీస్తుపూర్వం 44లో రోమన్ వక్త సిసెరో వృద్ధాప్యం మీద ఒక చిన్న పుస్తకం రాశాడు. అందులో 84 ఏళ్ళ రోమన్ నాయకుడు కేటో చేత మాట్లాడిస్తాడు. మతి తప్పిన మాటలు, చేష్టలు ముసలివాళ్ళందరివీ కావు, అది కొందరి తీరు మాత్రమే అని అక్కడ స్పష్టంగా అనిపిస్తాడు, అదీ ‘సెనిలిస్’ అనే మాటనే వాడి. అదే పుస్తకంలో గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ కథ ఒకటుంది. తండ్రి నాటకాల ధ్యాసలో పడి ఆస్తి సంగతి పట్టించుకోవడం లేదని, బుద్ధి నిలకడ లేదని కొడుకులు కోర్టుకెక్కారట. ఆయన అప్పుడే రాసిన నాటకం న్యాయమూర్తుల ముందు చదివి, ఇది మతి పోయినవాడు రాసినట్టుందా అని అడిగాడట. కేసు కొట్టేశారు. రెండు వేల ఏళ్ళ కిందటి సంగతి ఇప్పుడెందుకంటే, మన తాలూకా కోర్టుల్లో ఈ రోజుకీ వీలునామా తగాదాల్లో పెద్దాయనకు అప్పటికే మతి లేదని వాదించేవాళ్ళకు మీరు ఎప్పుడో హడావిడిగా రాసిన ఆ ఒక్క ఇంగ్లీషు మాట సాక్ష్యంగా పనికొస్తుంది. పది సెకన్లలో రాసిన మాటకు అంత బలం ఉంది.

వైద్యంలో ఈ మాట చేసిన నష్టానికి పెద్ద ఉదాహరణ, జ్ఞాపకాన్నీ బుద్ధినీ మెల్లగా తినేసే ఆల్‌జైమర్ జబ్బే. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆస్పత్రిలో అగస్టె డీటర్ అనే 51 ఏళ్ళ ఆవిడను డాక్టర్ అలోయిస్ ఆల్‌జైమర్ చూశాడు. 1906లో ఆవిడ చనిపోయాక మెదడును పరీక్షించి, ఆ ఏడాది నవంబర్లో ట్యూబింగెన్‌లో జరిగిన డాక్టర్ల సమావేశంలో వివరాలు చెప్పాడు. 1910లో జర్మన్ మానసిక వైద్యుడు క్రెపెలిన్ తన పాఠ్యపుస్తకంలో దానికి ఆల్‌జైమర్ జబ్బని పేరు పెట్టాడు. కానీ ఆ పేరు చాలాకాలం ఆవిడలాంటి నడివయసు వాళ్ళకే పరిమితమైంది. 65 దాటినవాళ్ళకు అవే లక్షణాలుంటే ‘సెనైల్ డిమెన్షియా’ అన్నారు, అంటే వయసుతో వచ్చేదే, దాని మీద పరిశోధన ఏముంటుందన్నారు. ఈ రెండూ ఒకటేనని, ముసలివాళ్ళలో లక్షల మందికి ఉన్నది అదే జబ్బని 1976లో అమెరికా న్యూరాలజిస్టు రాబర్ట్ కాట్జ్‌మన్ ఒక చిన్న సంపాదకీయంలో గట్టిగా వాదించాడు. అప్పటి నుంచే అది అరుదైన జబ్బుల లెక్కలోంచి పెద్ద జబ్బుల లెక్కలోకి వచ్చింది. 1910 నుంచి 1976 దాకా, అరవై ఏళ్ళకు పైగా, జబ్బులో పెద్ద వాటా ఒక విశేషణం వెనక దాక్కుంది.

గుండె విషయంలోనూ ఇదే జరిగింది. ముసలివాళ్ళ గుండె కండరంలో ఒక రకం ప్రోటీను పేరుకుపోయే జబ్బును చాలాకాలం సెనైల్ సిస్టెమిక్ అమిలాయిడోసిస్ అన్నారు. ఆ ప్రోటీను ట్రాన్స్‌థైరెటిన్ అని తేలాక పేరు మార్చారు. 2019లో అమెరికాలో ఆ ప్రోటీను విడిపోకుండా పట్టి ఉంచే మందుకు అనుమతి వచ్చింది. పేరు మార్చినందుకే మందు వచ్చిందని నేననడం లేదు. ముసలితనమే జబ్బు అనుకుంటే ప్రోటీనును వెతికే పని ఉండదని మాత్రం అంటున్నాను.

ఇక మా ఇంటి సంగతి. ఆస్పత్రి పేరు, డాక్టర్ పేరు రాయను, ఈ ఉత్తరం ఒక్కరి మీద ఫిర్యాదు కాదు.

మా అమ్మకు ఎనభై దాటాయి. పాల లెక్క, చీటీ లెక్క, ఎవరి పెళ్ళి ఏ ఏడాది ఏ మాసంలో అయిందో అన్నీ నోటికి చెప్పే మనిషి. బీపీ తగ్గడం లేదని ఒకసారి బిళ్ళ మార్చారు. కొద్దిరోజులకు పగలంతా మగతగా పడి ఉండడం, రాత్రయ్యేసరికి లేచి తిరగడం మొదలైంది. మంచం మీద కూర్చుని చీర కుచ్చిళ్ళు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టేది. అర్ధరాత్రి స్టవ్ వెలిగించబోతుంటే పట్టుకున్నాం. అన్నయ్య ఆకలితో వచ్చాడు, అన్నం పెట్టాలంది. మా మేనమామ పోయి ఎన్నో ఏళ్ళయింది. ఊళ్ళో పెద్ద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన అమ్మతో ఒక్క మాటా మాట్లాడలేదు. నా వైపు చూసి, ‘ఎనభై దాటాయి కదమ్మా, ఈ వయసులో ఇవన్నీ మామూలే, మీరే అడ్జస్ట్ అవ్వాలి’ అన్నారు. చీటీ మీద ‘సెనైల్ చేంజెస్’ అని రాసి నిద్రమాత్ర ఇచ్చారు. అది వేశాక ఇంకా దిగజారింది.

తమ్ముడు పట్టుబట్టి పక్క ఊరు తీసుకెళ్ళాడు. అక్కడ చిన్న వయసు డాక్టర్, బహుశా ఎండీ అయి ఎక్కువ కాలం కాలేదు. ఆ అబ్బాయి రెండు ప్రశ్నలడిగాడు. ఇలా ఎప్పటి నుంచి ఉంది, ఈ మధ్య మందులేమైనా మార్చారా. బిళ్ళల సంచీ మొత్తం టేబుల్ మీద పోయించి ఒక్కొక్కటీ చదివాడు. కొత్త బీపీ బిళ్ళలో ఒంట్లో నీరు తీసే మందు కలిసి ఉంది. రక్తం తీయించాడు. సోడియం 135 నుంచి 145 మధ్య ఉండాల్సింది 116 ఉంది. అడ్మిట్ చేసుకుని, ఆ బిళ్ళా నిద్రమాత్రా ఆపేసి, సోడియంను మెల్లగా పెంచారు. ఒక్కసారిగా పెంచితే మెదడుకే ముప్పని మాకు ఓపిగ్గా చెప్పాడు. అమ్మ తేరుకున్న రోజు పొద్దున్నే నన్ను అడిగిన మొదటి మాట, పాలవాడికి ఈ నెల డబ్బులిచ్చావా అని.

ఆ రెండు ప్రశ్నలకూ ఖర్చు లేదు. సోడియం పరీక్ష ఖరీదైనదేం కాదు, మండల కేంద్రంలో ల్యాబుంటే అక్కడే చేస్తారు. మొదటి డాక్టర్‌కు తెలివి లేదని నేననను, ఆయన చేతి చలవతో మా ఊళ్ళో ఎంతోమంది బతికారు. బయట నంబర్ చీటీలు పట్టుకుని జనం కూర్చుని ఉన్నారు, ఒక్కొక్కరికీ రెండు నిమిషాలైనా దొరకని ఓపీ అది. ఆ ఒత్తిడిలో సెనైల్ అనే మాట సులువైన దారి. రాయగానే కేసు ముగిసిపోతుంది, ఇంటివాళ్ళూ తలూపి లేస్తారు, మళ్ళీ ఎవరూ ప్రశ్న అడగరు. అందుకే అది ప్రమాదం.

అమ్మకు వచ్చినదాన్ని మీరు డెలిరియం అంటారు. ఈ మాట పుట్టుక రైతు బిడ్డలెవరైనా వెంటనే పట్టుకుంటారు. లాటిన్లో ‘లీరా’ అంటే నాగలి చాలు. ‘డెలిరారే’ అంటే ఎడ్లు చాలు తప్పడం. చాలు తప్పిన ఎడ్లకు దున్నడం రాదని ఏ రైతూ అనుకోడు. ఏం చూసి బెదిరాయో కనుక్కుని మళ్ళీ చాల్లోకి తెస్తాడు. డెలిరియం లక్షణం కూడా అదే. ఉన్నట్టుండి వస్తుంది, పూట పూటకూ మారుతుంది, వెనక ఒక కారణం ఉంటుంది, ఆ కారణం దొరికితే చాలాసార్లు మనిషి తిరిగి దారిలో పడతాడు. మూత్రంలో ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్ పడిపోవడం, రోజుల తరబడి విరేచనం కాకపోవడం, నిద్రమాత్రలు, జలుబు బిళ్ళలు, బాత్రూంలో జారిపడ్డప్పుడు తలలో మెల్లగా ఊరిన నెత్తురు. ఇంకొన్ని నెలల తరబడి మెల్లగా మనిషిని మార్చేస్తాయి. థైరాయిడ్ తగ్గడం, బి12 లోపం, భర్త పోయిన దిగులు పైకి చెప్పుకోలేక లోపలే కుమిలిపోవడం. ఇవన్నీ దూరం నుంచి చూస్తే ‘ముసలావిడకు మతి తప్పింది’ అన్నట్టే ఉంటాయి. ఇది మీకు నేను చెప్పాలా? మీరు ఎంబీబీఎస్‌లోనే చదివారు. ఆ చదివినదాన్ని ఓపీలో గుర్తుకు రానివ్వకుండా అడ్డుపడుతున్న మాట ఒకటుందనే నా బాధ.

చెవి సంగతి ప్రత్యేకంగా రాయాలనిపిస్తోంది, ఎందుకంటే దీన్ని ఎవరూ పట్టించుకోరు. వినబడని మనిషి అడిగినదానికి పొంతన లేని జవాబు చెబుతాడు. నలుగురిలో నవ్వులపాలై మెల్లగా మాట్లాడడమే మానేస్తాడు. ఇంట్లో ‘కృష్ణా రామా అనుకుంటూ ఓ మూల కూర్చో’ అంటారు, ఆయన అలాగే కూర్చుంటాడు. డిమెన్షియా ముప్పును పెంచే, మనం సరిదిద్దగల కారణాల్లో వినికిడి లోపం పెద్దదని పరిశోధనలు చెబుతూనే ఉన్నాయి. సరిచేయని చూపు లోపాన్ని కూడా 2024లో ఆ జాబితాలో చేర్చారు. అంటే శుక్లాలకు ఆపరేషన్ చేసే మీ చేతులు చూపు ఒక్కటే కాపాడడం లేదు. అలాంటి ఆపరేషన్ కార్డు మీద ‘సెనైల్ కేటరాక్ట్’ అని ఎందుకుండాలి? చాలా దేశాల్లో కంటి డాక్టర్లు ‘వయసుతో వచ్చే శుక్లం’ అని రాస్తున్నారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల కొత్త జాబితాలోనూ అలాగే ఉంది. మన తెలుగుకైతే ఈ విషయంలో నేర్చుకోవాల్సింది లేదు. నలభైలో దగ్గరి చూపు తగ్గితే మనవాళ్ళు చత్వారం అన్నారు, కొన్ని ఊళ్ళలో చాళీసు అన్నారు. సంస్కృతంలోనూ ఉర్దూలోనూ నలభై అనే అంకెలోంచి వచ్చిన మాటలవి. ఎప్పుడు వస్తుందో చెప్పాయి, అంతే. మనిషిని తక్కువ చేయలేదు.

మతిమరుపు పరీక్షల గురించి ఒక మాట. ‘ఈ రోజు తేదీ ఎంత?’ అనేది మొదటి ప్రశ్నల్లో ఒకటి. క్యాలెండర్ తేదీతో జీవితంలో ఎప్పుడూ పని పడని రైతు తడబడతాడు, ఒక మార్కు పోతుంది. అదే మనిషిని ఏ కార్తె నడుస్తోంది అని అడగండి. మృగశిర వచ్చి నాలుగు రోజులైంది, ఇంకా వాన పడలేదు అంటాడు. తిథి అడిగితే మా అమ్మ ఇప్పటికీ తడుముకోదు. చదువురాని పెద్దవాళ్ళకు సరిపోయే ప్రశ్నలతో మన దేశంలోనే 1990ల్లో హర్యానా పల్లెల్లో పరీక్ష తయారుచేశారు. వైద్యానికి అడ్డు మన మనుషుల చదువు కాదు, మనం అడిగే తీరు.

ఇంత చెప్పి, మన దగ్గర జరిగిన మంచి పని చెప్పకపోతే అన్యాయం. హైదరాబాద్ నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు ఒక భాష వాళ్ళకన్నా సుమారు నాలుగున్నరేళ్ళు ఆలస్యంగా బయటపడ్డాయని తేలింది. అక్షరం రానివాళ్ళలోనూ అదే తేడా కనబడింది. తెలుగూ ఉర్దూ కలిపి మాట్లాడే హైదరాబాద్ జనం వల్ల ప్రపంచానికి తెలిసిన విషయమిది. ఆ డాక్టర్లు ఒక్కో మనిషికీ ఏ జబ్బు, ఎప్పుడు మొదలైంది, ఏ భాషలు వచ్చు అని విడివిడిగా అడిగారు కాబట్టే అది బయటికొచ్చింది. అందరికీ కలిపి సెనైల్ అని రాసుకుని ఉంటే ఆ కాగితాల్లోంచి ఏమీ వచ్చేది కాదు.

ఒక లెక్క కూడా గుర్తుచేస్తాను. మన దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో అచ్చయిన జాతీయ అంచనా. అది చాలా పెద్ద సంఖ్యే, వాళ్ళకు సరైన రోగ నిర్ధారణ, వాళ్ళను చూసుకునే ఇంటివాళ్ళకు ఆసరా కావాలి. అయితే నూటికి 92 మందికి పైగా ఆ జబ్బు లేదు. ముసలితనానికి మామూలు అంటే ఆ 92 మంది. మామూలు కానిదాన్ని ‘ఈ వయసుకు మామూలే’ అంటే జబ్బున్నవాళ్ళకూ అన్యాయమే, లేనివాళ్ళకూ అన్యాయమే.

‘జీరియాట్రిక్స్’ అనే మాటను 1909లో న్యూయార్క్ డాక్టర్ ఇగ్నాట్జ్ నాషర్ తయారుచేశాడు. గ్రీకులో ‘గెరాస్’ అంటే ముసలితనం, మన ‘జర’కు అది చుట్టం, అజరామరంలో ఉన్న జర. నాషర్ విద్యార్థిగా ఉన్నప్పటి సంఘటన ఒకటి వైద్య చరిత్రలో చెబుతారు. బీదల ఆశ్రమంలో ఒక ముసలావిడ నొప్పులు చెప్పుకుంటే వెంట ఉన్న డాక్టర్, ఆవిడకున్నది ముసలితనమేనని అన్నాడట. ఏం చేయొచ్చని అడిగితే, ఏమీ లేదన్నాడట. ఆ జవాబు మింగుడుపడక ఆయన ఒక వైద్య శాఖనే మొదలుపెట్టాడు. మన మెడికల్ కాలేజీల్లో ఆ శాఖలో సీట్లు పెరగాలి, అది వేరే ఉత్తరానికి సరిపడే విషయం.

చివరగా మరణ కారణం రాసే ఫారం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు కోడ్‌లిచ్చే పాత జాబితా ఐసీడీ-10లో ‘సెనిలిటీ’కి ఆర్54 అనే కోడ్ ఉంది. కొత్త జాబితా ఐసీడీ-11లో దాన్ని తీసేసి ‘ఓల్డ్ ఏజ్’ అని పెట్టబోతే, ముసలితనం జబ్బెలా అవుతుందని దేశదేశాల నుంచి డాక్టర్లు, పెద్దవాళ్ళ సంఘాలు అభ్యంతరం చెప్పారు. చివరకు వయసుతో పాటు శరీర సామర్థ్యం తగ్గడం అని అర్థం వచ్చేలా మార్చారు. 2022 జనవరి 1న ఐసీడీ-11 అమల్లోకి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్లో 96 ఏళ్ళ ఎలిజబెత్ రాణి చనిపోతే ధ్రువపత్రంలో కారణం ‘ఓల్డ్ ఏజ్’ అని రాశారు కదా అని మీరు అడగొచ్చు. బ్రిటన్‌లో అలా రాయడానికి షరతులున్నాయి. మనిషికి 80 దాటి ఉండాలి, డాక్టర్ చాలాకాలంగా ఆ మనిషిని చూస్తూ క్రమంగా క్షీణించడం గమనించి ఉండాలి, వేరే జబ్బేదీ కారణంగా కనబడకూడదు. అన్నీ వెతికాక ఏదీ లేదని చెప్పడం అది. మన దగ్గర అలా రాసేది వెతకక ముందు. పల్లెలో డెబ్బై ఐదేళ్ళ మనిషి నాలుగు రోజులు ఆయాసపడి పోతే రిజిస్టర్లో ‘ముసలితనం’ అని ఎక్కుతుంది. అది గుండెపోటో, న్యుమోనియానో, వడదెబ్బో ఇక ఎప్పటికీ తెలియదు. ఎండాకాలం మన జిల్లాల్లో ఎంతమంది పెద్దవాళ్ళు వేడికి పోతున్నారో సరిగ్గా తెలియాలన్నా, ఏ మండలంలో ఏ టీకా, ఏ మందు పెట్టాలో తేలాలన్నా ఆధారం ఆ ఒక్క గడే.

అందుకని నా విన్నపాలు ఇవి. ప్రొఫెసర్లు కేసు ప్రెజెంటేషన్‌లో పీజీ విద్యార్థి సెనైల్ అంటే అక్కడే ఆపి, అంటే ఏ జబ్బు అని అడగాలి. ఒక బ్యాచ్‌ను అలా అడిగితే తర్వాతి బ్యాచ్ ఆ మాటే తేదు. ఆస్పత్రుల కంప్యూటర్లలో డయాగ్నసిస్ కోసం నొక్కితే వచ్చే జాబితాలో ఈ మాట ఉన్నంతకాలం తొందరలో ఉన్నవాళ్ళు దాన్నే నొక్కుతారు, దాన్ని తీయించడం సూపరింటెండెంట్ చేతిలో పని. కంటి శిబిరాలు పెట్టేవాళ్ళు కొత్త కార్డులు అచ్చేయించేటప్పుడు ఆ ఒక్క పదం మార్చండి. సర్టిఫికెట్ రాసేవాళ్ళు ఇంటివాళ్ళను రెండు నిమిషాలు కూర్చోబెట్టి చివరి వారం ఎలా గడిచిందో అడిగి రాయండి.

ఓపీలో కూర్చునే ప్రతి డాక్టర్‌నూ అడిగేది ఇంకొకటుంది. పెద్దవాళ్ళు వచ్చినప్పుడు ముందు వాళ్ళతోనే మాట్లాడండి, ఆ తర్వాత కొడుకుతోనో కోడలితోనో మాట్లాడండి. కుర్చీ కాస్త దగ్గరికి జరుపుకుని, ముఖం కనబడేలా, నెమ్మదిగా. ఇలా ఎప్పటి నుంచి ఉంది, ఈ మధ్య మందులేమైనా మార్చారా అని అడగండి. బిళ్ళల సంచీ తెచ్చి ఉంటే తెరిచి చూడండి, తేకపోతే రేపు తెమ్మని చీటీ మీద రాయండి.

నమస్కారాలతో,

ఒక రిటైర్డ్ ఇంగ్లీషు లెక్చరర్
గుంటూరు జిల్లా